నిపుణుల వీసాల వాదము: ‘కొరత’ శబ్దార్థ విచారము

వాక్యార్థము కుదురుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును వలయునని మన శాస్త్రకారులు చెప్పిరి. ‘తెచ్చెను’ అని వినినంతనే ‘ఎవరు? దేనిని?’ అని మనస్సు ఎదురుచూచుట ఆకాంక్ష. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ముప్పదియేండ్లకు పైగా సాగుచున్న నిపుణుల వీసాల వాదమును పరిశీలించినచో, అందలి ప్రధానపదమైన ‘కొరత’ యొక్క ఆకాంక్ష నేటికిని తీరలేదని మాకు తోచుచున్నది. కొరత యనినంతనే ‘ఎవరికి? ఏ జీతమునకు? ఎంతకాలము?’ అను ప్రశ్నలు పుట్టవలయును. వాదులును ప్రతివాదులును వీనిని దాటివేసి పదమును మాత్రము గ్రహించిరి. మన పత్రికలును దానినే ‘నిపుణుల కొరత’ యని తెనిగించుకొన్నవి. ఇటీవలి సంవత్సరములలో ఆమోదము పొందిన అర్జీలలో నూటికి 70కి పైగా భారతదేశమున జన్మించినవారివి. వారిలో తెలుగువారు పెక్కుమంది. కావున ఈ విచారము మనకు పరాయిది కాదు.

1952 నాటి చట్టము విశిష్ట నైపుణ్యము గల తాత్కాలికోద్యోగులకు హెచ్-1 అను తరగతిని ఏర్పఱచెను. 1990 నాటి చట్టము దానినుండి హెచ్-1బిని విడదీసి సంవత్సరమునకు 65,000 అను పరిమితిని విధించెను. 1998లో ఈ పరిమితి 1,15,000కును, 2000లో మూడు సంవత్సరములకుగాను 1,95,000కును పెంపబడినది. 2004 ఆర్థిక సంవత్సరమున మరల 65,000కు దిగినది. అమెరికాలో పైపట్టము పొందినవారికి మఱి 20,000 తరువాత చేర్చబడినవి.

ఈ పెంపునకు ఆధారమేమి? 1997లో అచటి సమాచార సాంకేతిక పరిశ్రమల సంఘము 1,90,000 ఉద్యోగములు ఖాళీగా నున్నవని ప్రకటించెను. వాణిజ్య శాఖ ఆ లెక్కను తన నివేదికలోనికి తీసికొనెను. కాంగ్రెసు పక్షమున లెక్కలు పరిశీలించు జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 1998 మార్చిలో దీనిని విమర్శించుచు, ప్రశ్నావళికి సమాధానమిచ్చిన సంస్థలు నూటికి 14 మాత్రమే యనియు, అంతమాత్రమున దేశమంతటికి వర్తించు నిర్ణయము చేయరాదనియు చెప్పెను. అయినను ఆ సంవత్సరమే పరిమితి పెరిగినది. ఆనాడు గిరాకి లేదని మా యభిప్రాయము గాదు. 2000 సంవత్సరపు తేదీల చిక్కును సరిదిద్దుటకు మనుష్యులు వలసియుండిరి. కాని 2001 నాటికి అంతర్జాల సంస్థలు పెక్కు కూలిపోయెను. 2002, 2003 ఆర్థిక సంవత్సరములలో 1,95,000 పరిమితిలో సగమైనను నిండలేదు. ‘ఎంతకాలము?’ అను ప్రశ్నను విడిచినందులకు ఫలమిది.

రెండవ ప్రశ్న జీతమును గూర్చినది. 1957లో బ్లాంక్, స్టిగ్లర్ అను అర్థశాస్త్రజ్ఞులు, నిజముగా కొరత యున్నచో జీతములు పెరుగవలయునను సూత్రముతో ఇంజనీర్ల జీతములను పరిశీలించి, 1929 తరువాత అవి ఇతర వృత్తులతో పోల్చగా పెరుగలేదని చూపిరి. 1959లో ఆరో, కాప్రన్ అనువారు దీనిని సవరించి, గిరాకి వేగముగా పెరుగునపుడు జీతములు వెంటనే అందుకొనజాలవనియు, ఆ యెడమే కొరతగా తోచుననియు వివరించిరి. ఈ రెండు మతములలో దేనిని గ్రహించినను, జీతమును చెప్పని కొరత అర్ధవాక్యమే.

చట్టము తోటి ఉద్యోగుల జీతముకంటెను, ఆ ప్రాంతమున నడచు జీతముకంటెను తక్కువ ఈయరాదని శాసించినది. కాని 2004 తరువాత కార్మిక శాఖ అనుసరించిన నాలుగు తరగతుల పద్ధతిలో, ఆ వృత్తివారి జీతములను క్రిందినుండి వరుసగా పేర్చినపుడు మొదటి తరగతి నూటికి 17వ స్థానమునను, రెండవది 34వ స్థానమునను నిలిచినవి. రెండును నడిమి జీతమునకు దిగువనే యున్నవి. అంతేకాక, ముందుగా స్వదేశీయులకై వెదకితిమని నిరూపింపవలసిన పని చాలమంది యజమానులకు లేదు. కొరతపై నిలిచిన చట్టము కొరతకు ప్రమాణమునే యడుగకుండుట యోగ్యతాలోపము.

అర్జీల సంఖ్యయే ప్రమాణమందురా? 2023 మార్చిలో చీట్ల ఎంపికకై 7,80,000కు పైగా పేర్లు నమోదైనవి. అందు నాలుగు లక్షలకు పైగా ఒకే వ్యక్తి పేర పలుమారులు నమోదైనవే! మఱుసటి యేడు వ్యక్తి నొక్కనిగనే యెంచు నియమము వచ్చినంతనే మొత్తము 4,80,000కు దిగినది.

ప్రతివాదుల వాక్యమును నిర్దోషము గాదు. దేశమున ఉద్యోగముల సంఖ్య స్థిరమనియు, వచ్చిన ప్రతివాడును ఒకని స్థానమును హరించుననియు వారు తలంతురు. పెరి, షి, స్పార్బర్ 2015లో ప్రకటించిన పరిశోధనమున విదేశీయ నిపుణులు పెరిగిన నగరములలో స్వదేశీయ పట్టభద్రుల జీతములును పెరిగినట్లు తేలినది. చీట్ల ఫలితములనాధారముగా చేసిన డోరన్, గెల్బర్, ఐసెన్‌ల పరిశోధనము మాత్రము, వీసా లభించిన సంస్థలలో ఇతరుల ఉద్యోగములు తగ్గినట్లు చూపినది. నగరమును చూచినవారి సత్యమొకటి, సంస్థను చూచినవారి సత్యమొకటి. ఒకదానితో రెండవదానిని కొట్టివేయుట విమర్శ గాదు.

ఇక ‘ఎవరికి?’ అను ప్రశ్న. ఉభయపక్షముల వాక్యములలోను కర్త యజమానుడో, స్వదేశీయ ఉద్యోగియో యగుచున్నాడు; వచ్చినవాడు కర్మగానే మిగిలినాడు. వీసా గడువు సాధారణముగా ఆరేండ్లు. శాశ్వత నివాసమునకు ఉద్యోగమూలమున ఏటేట లభించు అనుమతులు సుమారు 1,40,000. అందు ఏ యొక్క దేశమువారికిని నూటికి 7కు మించి యీయరాదను సాధారణ నియమము కలదు. అందుచే భారతీయులు దశాబ్దములు వేచియుండవలసి వచ్చుచున్నది. ఉద్యోగము పోయినచో 60 దినములలో మఱియొక యజమానుని వెదకికొనవలయును. యజమానుని మార్చుకొను హక్కు 2000 నాటి చట్టమున కలదు గాని, ఇట్టి భయమున్నవాడు జీతమునకై నిలిచి యడుగగలడా? అడుగజాలనివారి సంఖ్య పెరిగినకొలది స్వదేశీయుని మాటకును బలము తగ్గును. ఇరువురి హితమును ఇచట ఒక్కటే.

2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్షుని ప్రకటన, దేశము వెలుపలి వారికొఱకైన క్రొత్త అర్జీలపై 1,00,000 డాలర్ల చెల్లింపును విధించినది. ఈ ధనము ప్రభుత్వమునకు చేరునే గాని ఉద్యోగి జీతములో చేరదు. అతని కట్టును విప్పదు. ఆ డిసెంబరున, చీట్ల ఎంపికలో ఎక్కువ జీతపు తరగతులవారికి ఎక్కువ యవకాశమిచ్చు నియమము వెలువడినది. ఇది రెండవ ప్రశ్నకు కొంత సమాధానము. మొదటి ప్రశ్న యథాతథముగా నున్నది.

హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైనదియు, అమెరికాలో పరిమితి తొలిసారి పెరిగినదియు 1998లోనే. నాటినుండి మన యిండ్లలో ‘అచట కొరత యున్నది’ అను మాట ఒక వాగ్దానముగా వినబడుచున్నది. ఆ మాటను నమ్మి అప్పుచేసి బిడ్డను పంపిన తండ్రికి అందలి మూడు ప్రశ్నలను చెప్పినవారు అరుదు. పరభాషాపదమును తెనిగించునపుడు దాని ఆకాంక్షను గూడ తెనిగింపవలయును. వలస సాహిత్యమును, పత్రికాభాషను పరిశోధించు విద్యార్థులు ‘కొరత’ కనబడిన ప్రతి తావునను ఎవరికి, ఏ జీతమునకు, ఎంతకాలము అని గుర్తించి చూతురేని, ఏ వాక్యము నిండినదో, ఏది అర్ధోక్తియో తేటపడగలదు.