పేల్చకుండా ఆగడం నేర్పే చదువు

అమెరికాలో 20 గేజ్ షాట్‌గన్ తూటా ఏ కంపెనీది కొన్నా పసుపు రంగులోనే ఉంటుంది. 12 గేజ్ తూటా ఎర్రగా ఉండొచ్చు, ఆకుపచ్చగా ఉండొచ్చు, నల్లగా ఉండొచ్చు. పసుపు మాత్రం 20 గేజ్‌కే. అందం కోసం వేసిన రంగు కాదది.

గేజ్ లెక్క కొంచెం తిరగేసినట్టుంటుంది. పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, 12 గేజ్ గొట్టం లోపల అంత వెడల్పుంటుంది. అదే పౌనును ఇరవై గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. అంటే అంకె పెరిగితే తూటా తగ్గుతుంది. సన్నటి 20 గేజ్ తూటాను పొరపాటున 12 గేజ్ తుపాకీలో వేస్తే అది తూటా కూర్చునే ఛాంబర్‌లో నిలవదు. ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, పైనుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’మంటుంది, అంతే. తూటా వెయ్యడం మరిచానేమో అనుకుని ఆ మనిషి ఈసారి సరైన 12 గేజ్ తూటానే వేసి మళ్లీ నొక్కుతాడు. ముందుది అడ్డంగా ఉండగా వెనకది పేలితే గొట్టం పగిలిపోతుంది, అదీ ముందు చెయ్యి ఆనించి పట్టుకునే చోటికి దగ్గర్లో. ఆ పొరపాటు చెయ్యి నుంచి ఛాంబర్‌కి చేరేలోపే కంటికి ఆనాలని ఆ పసుపు.

వేటకు వెళ్లేవాళ్లకు నేర్పే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో ఇది పట్టుమని పది నిమిషాలు కూడా పట్టని పాఠం. కానీ ఆ కోర్సు పనితనమంతా ఇందులో కనిపిస్తుంది. మనిషి మరిచిపోతాడు, తొందరపడతాడు, ఒకటి చూసి ఇంకొకటి అనుకుంటాడు అని ముందే ఒప్పుకుని అల్లిన చదువు ఇది. బుద్ధులు చెప్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి గానీ, మన మతిమరుపును లెక్కలో వేసుకుని రాసిన పాఠ్యప్రణాళికలు అరుదు.

ఈ చదువును తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం న్యూయార్క్, 1949లో. తర్వాత ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు వెళ్లాలంటే ఈ సర్టిఫికెట్ ఉండాలి. ఒక రాష్ట్రంలో తీసుకున్నది మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. నేర్పేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని వలంటీర్లు. గేమ్ వార్డెన్లు, హైస్కూల్లో వ్యవసాయ పాఠాలు చెప్పే టీచర్లు కూడా నేర్పుతుంటారు. ఇక డబ్బు సంగతి. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, షాట్‌గన్‌లు, తూటాల మీద 11 శాతం పన్ను పడుతుంది. అది వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది. 1970ల నుంచి అందులో కొంత ఈ చదువుకూ వెళ్తోంది. తుపాకీ కొన్నవాడి డబ్బుతోనే తుపాకీ పట్టేవాడికి పాఠం. ఇంత ముచ్చటైన ఏర్పాటు ప్రభుత్వాలకు తరచుగా తట్టదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట దాదాపు మూతపడింది. అందుకే ఆంధ్ర, తెలంగాణల నుంచి డాలస్‌కో ఆస్టిన్‌కో వచ్చినవాళ్లకు వేటకొక పరీక్ష ఉందంటేనే వింత. వాళ్లలో కొందరికి ఈ సర్టిఫికెట్‌తో వేరే అవసరం కూడా ఉంటుంది. హెచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టంలో ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. షూటింగ్ రేంజ్‌కి వెళ్లి నాలుగు రౌండ్లు కాల్చుకోవడానికి ఆ లైసెన్స్ కావాలని, ఆ లైసెన్స్ కోసం ఈ కోర్సు చేసేవాళ్లున్నారు. చెయ్యండి, తప్పులేదు. వీసా విషయం ముందుగా లాయర్ని అడగండి. కానీ కాగితం కోసమే చదివితే కోర్సులోని అసలు సరుకు చేజారిపోతుంది.

ఆ సరుకు నాలుగు సూత్రాల్లో ఉంది. చేతికొచ్చిన ప్రతి తుపాకీ లోడై ఉందనే అనుకో. గొట్టం మూతిని ఎవరికీ హాని లేని వైపే ఉంచు. కాలుస్తున్నది ఏమిటో, దాని వెనక ఏముందో తెలిశాకే కాల్చు. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకు. చూడ్డానికి గోడమీద రాసే నినాదాల్లా ఉంటాయి. కాసేపు కదిపి చూస్తే వీటి అల్లిక తెలుస్తుంది. ఖాళీదే అనుకున్నది లోడై ఉంది, సరే, వేలు బయటే ఉంది కాబట్టి పేలలేదు. వేలూ జారింది, పేలింది, కానీ మూతి నేలవైపుంది కాబట్టి మట్టి ఎగిరి ఊరుకుంది. ఒకటి తెగితే ఇంకొకటి ఆపుతుంది. సేఫ్టీ మీట ఈ నాలుగింట్లో లేకపోవడం గమనించండి. అది యంత్రం, ఎప్పుడైనా మొరాయించొచ్చు. దాన్ని నమ్మి మూతి పక్కకు తిప్పొద్దని కోర్సు విడిగా చెబుతుంది.

అయితే మూడో సూత్రానికి మాత్రం వెనక కాపు లేదు. పొదలో కదిలింది జింకే అని నమ్మినవాడు మూతిని కావాలనే అటు తిప్పుతాడు, వేలు కావాలనే లోపల పెడతాడు. అక్కడున్నది మనిషైతే మిగతా మూడు సూత్రాలూ ఏమీ చెయ్యలేవు. కోర్సు రూపొందించినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే కోర్సు పుస్తకంలో సగం బరువు ఈ ఒక్క సూత్రం మీదే ఉంటుంది.

పొద్దు వాలేవేళ గుట్ట నెత్తిన జింక నిలబడి ఉంటుంది. వెనకంతా ఆకాశమే. ఎంత సులువైన గురి! పరీక్షలో తరచుగా కనిపించే ప్రశ్న ఇది, జవాబు ‘కాల్చకూడదు’. తూటాను ఆపడానికి వెనక మట్టి లేదు. పిల్లలు నేర్చుకునే పాయింట్ 22 రైఫిల్ తూటా కూడా మైలు దాటిపోతుంది. దూరంగా ఉన్నదేమిటో చూడాలనిపిస్తే బైనాక్యులర్స్‌తోనే చూడాలి, రైఫిల్ మీదున్న స్కోప్‌తో చూడకూడదు. స్కోప్‌లోంచి పక్క వేటగాణ్ణి గుర్తుపట్టావంటే అప్పటికే అతని మీద తుపాకీ గురిపెట్టావన్నమాట.

పక్షుల వేటలో ముగ్గురు పక్కపక్కన నడిచేటప్పుడు ఎవరి హద్దు ఎంత అన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం. కొలబద్ద ఏమీ ఇవ్వరు. రెండు చేతులూ పక్కలకు బారచాపి బొటనవేళ్లు పైకెత్తమంటారు. కళ్లు తిప్పకుండా ఎదురుగా దూరాన ఏదో ఒకదాన్ని చూస్తూ చేతులు మెల్లగా ముందుకు తేవాలి. రెండు బొటనవేళ్లూ ఒకేసారి స్పష్టంగా కనిపించిన చోట ఆగాలి. ఆ రెంటి మధ్య ఉన్నది నీ భాగం, సుమారు 45 డిగ్రీలు. పిట్ట ఆ హద్దు దాటి పక్కవాడి వైపు ఎగిరిందా, అది నీది కాదు. వంటి మీదే కొలత ఉంది కాబట్టి పొలంలో దిగాక దాన్ని ఇంట్లో మరిచిపోయే వీల్లేదు.

నారింజ రంగు చొక్కా కూడా ఈ సూత్రం కోసమే. టెక్సస్‌లో పబ్లిక్ వేటభూముల్లో కనీసం 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఒంటి మీద ఉండాలి, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144. ఇంత కొట్టొచ్చే రంగు వేసుకుంటే జింక పారిపోదా అని ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జింక కంటికి ఎరుపు, నారింజ విడిగా తెలియవు. మనిషి కంటికి మాత్రం అడవిలో ఆ రంగును పోలింది ఇంకేదీ ఉండదు.

ముళ్లకంచె దాటడం చూస్తే పనితనం ఇంకా దగ్గరగా తెలుస్తుంది. తూటాలు తీసెయ్యాలి, యాక్షన్ తెరిచి ఉంచాలి. తుపాకీని పక్కకు పడుకోబెట్టి కింది తీగ అడుగునుంచి అవతలికి తొయ్యాలి, మూతి మనం దాటే చోటువైపు కాకుండా వేరే వైపుకు ఉండాలి. మూతి కింద టోపీ లాంటిదేదైనా పెడతారు, మట్టి దూరకుండా. అవతలికి వెళ్లాక మడమ వైపునుంచి అందుకుని, గొట్టంలో ఏమైనా అడ్డం ఉందేమో చూసుకున్నాకే మళ్లీ లోడ్ చెయ్యాలి. ఇక మంచె ఎక్కేటప్పుడైతే తుపాకీ చేతిలో ఉండనే కూడదు. ఒంటికి కట్టుకున్న హార్నెస్‌ను నేలమీదే చెట్టుకు బిగించుకుని, ముందు మనిషి ఎక్కి, ఖాళీ తుపాకీని తాడుతో పైకి లాక్కోవాలి.

కాల్చాక ఏం చెయ్యాలన్నదీ పాఠమే. తూటా తగిలిన జింక వెంట వెంటనే పరుగెత్తకూడదు. కళ్లముందే కూలిపోతే తప్ప అరగంటో గంటో ఆగాలి. తరిమితే అది దూరం పోయి నరకం అనుభవిస్తూ చస్తుంది. కదపకపోతే దగ్గర్లోనే పడుకుంటుంది. తర్వాత నెత్తురు చదవాలి. నురుగుతో గులాబీ రంగులో ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది. చిక్కగా ముదురెరుపులో ఉంటే కాలేయానికి. ఆకుపచ్చ ద్రవం, నమిలిన మేత కలిసి ఉంటే పొట్టకు, అప్పుడు గంటలకొద్దీ ఓపిక పట్టాలి. జాడ మీద కాలు పెట్టకుండా దాని పక్కన నడవాలి. పడి ఉన్న జింక దగ్గరికి తల వెనక నుంచి వెళ్లి కళ్లు చూడాలి. కళ్లు మూసుకుని ఉంటే అది ఇంకా చావలేదు. ప్రాణం పోయిన జింక కళ్లు తెరుచుకుని ఉంటాయి. ఒక జీవాన్ని చంపినవాడు దాని బాధను సాగదియ్యకుండా చూసే బాధ్యత తీసుకోవాలని ఇంతకన్నా సూటిగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు. వేట మీద మీకు అభ్యంతరముంటే ఉండనివ్వండి, ఈ అధ్యాయం మాత్రం చదవండి.

అన్నీ ఇంత బాగుంటాయని కాదు. వన్యప్రాణి నిర్వహణ మీద రాసింది చప్పగా సాగుతుంది. ఇక ఆన్‌లైన్ కోర్సు సంగతి. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లు అంతా కంప్యూటర్ మీదే ముగించొచ్చు. కంచె దాటడం తెరమీద చూస్తే జవాబు వస్తుంది గానీ చేతికి అలవాటు రాదు. ఫీల్డ్ కోర్సులో కాలిబాట వెంట నడిపిస్తారు. ఒకచోట జింక బొమ్మ ఉంటుంది, దాని వెనక పొదలో ఇంకో బొమ్మ ఉంటుంది. కాల్చాలా వద్దా? అక్కడ నిలబడి ‘వద్దు’ అని తుపాకీ దించినవాడికి ఆ పాఠం ఒంట్లోకి ఎక్కుతుంది.

పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లకు చెప్పేది తక్కువే. మాన్యువల్‌లో నియమం పక్కనే దాని కారణం ఉంటుంది. నియమాన్ని బట్టీ పట్టకుండా కారణాన్ని పట్టుకోండి, ప్రశ్న ఎటు తిప్పి అడిగినా దొరికిపోతుంది. మన సాఫ్ట్‌వేర్ పరీక్షల అలవాటు కొద్దీ పాత ప్రశ్నపత్రాల డంపుల కోసం వెతకొద్దు. టెక్సస్‌లో 90 శాతానికి మించి భూమి ప్రైవేటు యజమానులదే కాబట్టి, అనుమతి అడగడం, గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదిలిరావడం లాంటి మర్యాదల పాఠాన్ని తేలిగ్గా దాటెయ్యొద్దు. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి, మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ పెట్టినవే చూసుకోండి.

టెక్సస్ ఉత్తర ప్రాంతంలో గువ్వల వేట సెప్టెంబర్ 1న మొదలవుతుంది. ఆగస్టులో అందరూ ఒక్కసారే క్లాసులకు ఎగబడతారు. మీ వయసుకు ఆన్‌లైన్ చాలన్నా సరే, ఎండాకాలం మొదట్లోనే పేరు రాయించుకుని ఫీల్డ్ కోర్సుకే వెళ్లండి. తొమ్మిదేళ్లు నిండిన పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లండి.