నల్లరంగు తేర్చే చేయి

అనంతపురంలో నల్ల కారు కొనడానికి ధైర్యం కావాలి. పొద్దున్నే దుమ్మును పొడిగుడ్డతో తుడిచేస్తాం. ఆ ఇసుక రేణువులే పైపూత మీద సాలెగూడులా సన్నగీతలు గీస్తాయి. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ పుట్టిన మెరుపును నిలబెట్టేది మాత్రం ఊళ్లోని పాలిషింగ్ పనివాళ్లే.

మంచి పనివాడు ముందే మిషన్ పట్టడు. కడిగి, మురికి లాగే క్లే ముద్ద రుద్ది, రేకు చల్లబడేదాకా బండిని నీడలో ఉంచుతాడు. వేడి మీద పాలిషింగ్ కాంపౌండ్ ఎండిపోతుంది మరి. చాలా కార్లకు ఆ పైపూత, అంటే క్లియర్‌కోట్, మందం సుమారు 50 మైక్రాన్లే. గీత పోవాలంటే దాని చుట్టూ ఉన్న పూతను అరగదీయాల్సిందే. అందుకే మెత్తటి ప్యాడ్‌తో ఒక మూల పరీక్షించి, టార్చి వేసి చూస్తాడు. అంచుల దగ్గర చేయి తేలిక చేస్తాడు. ఆ నిగ్రహానికే నా దండం. లోతైన గీత దగ్గర ఆగి, "ఇది తీస్తే పూత పోతాదన్నా, వదిలేద్దాం" అంటాడు.