అడుగుపూత, ఉపరితలం, పేరు: గృహాలంకరణ వస్తువులపై యాక్రిలిక్ చిత్రణ – శ్రీహరికోట తీరం నేపథ్యంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కొయ్య, మట్టి, గాజు, గుడ్డ, గవ్వ వంటి వస్తువులపై యాక్రిలిక్ రంగులతో చేసే అలంకరణ నేడు తెలుగు ఇళ్లలో విరివిగా కనిపిస్తుంది. ఈ చిత్రణను ‘సహజం – కృత్రిమం’ అనే రెండు మాటలతో తూచడం పరిపాటి అయింది. ఆ విభజన వస్తువును అర్థం చేసుకోవడానికి చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రంగు వస్తువుపై ఎలా నిలుస్తుంది, దాని స్వభావాన్ని పద్ధతి వాడుకుంటున్నదా లేక దాస్తున్నదా, ఆ వస్తువు ఏ పేరుతో చలామణి అవుతున్నది అనే మూడు ప్రశ్నలను విమర్శకు ప్రమాణాలుగా నిలుపుతుంది. శ్రీహరికోట తీరంలోని చెమ్మ, ఉప్పు, ఎండ, గుల్ల ఈ పరిశీలనకు భౌతిక నేపథ్యం.

కీలక పదాలు: యాక్రిలిక్, అడుగుపూత, కలంకారీ, చేర్యాల, కొండపల్లి, ఏటికొప్పాక, గృహాలంకరణ, భౌగోళిక సూచిక.

1. ఉపోద్ఘాతం

శ్రీహరికోట అనగానే రాకెట్ ప్రయోగ కేంద్రం గుర్తుకు రావడం సహజం. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. భౌగోళికంగా చూస్తే అది పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఇసుక దీవి. తెలుగువారు ప్రళయ కావేరి అని పిలుచుకున్న ఆ ఉప్పుకయ్యలో తరతరాలుగా గుల్ల పేరుకుంది. గుల్లను కాల్చి సున్నం చేయడం ఈ తీరానికి తెలిసిన పని. 2022 నాటి జిల్లాల పునర్విభజనతో పాత నెల్లూరు జిల్లాలోని ఈ భాగం తిరుపతి జిల్లాలో చేరింది. కలంకారీకి పేరొందిన శ్రీకాళహస్తి ఇప్పుడు అదే జిల్లాలో ఉంది. నార్ది కొయ్యతో గరిటెలు, చెంచాలు చేసే ఉదయగిరి నెల్లూరు జిల్లాలోనే మిగిలింది.

ఈ నేపథ్యానికి విమర్శలో ప్రయోజనం ఉంది. రంగుపూతను గురించిన మాటలు సాధారణంగా ప్రదర్శనశాల గోడను దృష్టిలో ఉంచుకొని సాగుతాయి. గృహాలంకరణ వస్తువు నివాసం వేరు. తలుపు పక్కన వేలాడే తాళంచెవుల పలక, కిటికీలోని పూలకుండీ, బల్లమీది పళ్లెం గాలికీ, చేతికీ, నీటికీ నిత్యం లోనవుతాయి. తీరప్రాంతపు ఇల్లు వాటిని మరింత కఠినంగా పరీక్షిస్తుంది.

2. యాక్రిలిక్ స్వభావం

యాక్రిలిక్ రంగులో రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే బంధకం, నీరు అనే మూడు ముఖ్య భాగాలు ఉంటాయి. బంధకం నీటిలో కరిగి ఉండదు. సూక్ష్మమైన పాలిమర్ బిందువులుగా తేలుతూ ఉంటుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ ఆ బిందువులు దగ్గరై, ఒకదానిలో ఒకటి కలిసి, అఖండమైన పొరగా మారతాయి. తడిగా ఉన్నప్పుడు పాలవలె తెల్లగా ఉండే బంధకం ఆరాక పారదర్శకమవుతుంది. అందువల్లనే ఆరిన రంగు తడి రంగుకంటె కొంచెం ముదురుగా కనిపిస్తుంది. తడిగా ఉన్నంతసేపు నీటితో కలిసే ఈ రంగు, ఒకసారి ఆరిందంటే నీటికి కరగదు.

నీటితో వాడే ఈ రకం చిత్రకారుల రంగులు 1950ల మధ్యభాగంలో అమెరికా విపణిలోకి వచ్చాయి. భారతదేశంలో కామ్లిన్, పిడిలైట్ వంటి సంస్థల ఉత్పత్తులుగా చిన్న సీసాలలో పట్టణాల స్టేషనరీ దుకాణాలకు చేరాయి. ఈ రంగుల వ్యాప్తికి కారణం ధర ఒక్కటే కాదు. త్వరగా ఆరడం, పొరమీద పొర వేయగలగడం, కుంచెను నీటితో కడుక్కోగలగడం, కొయ్య మొదలుకొని గుడ్డ దాకా అనేక ఉపరితలాలపై నిలవడం వీటి ప్రధాన సౌలభ్యాలు. ప్రత్యేక పనిశాల లేని ఇంట్లో కూడా చిత్రణ సాధ్యమైంది. సంప్రదాయ వృత్తికుటుంబాలకు వెలుపల ఉన్న గృహిణులు, విద్యార్థులు అలంకరణకళలోకి ప్రవేశించడానికి ఈ రంగులు దారి తెరిచాయి. ఈ సామాజిక ఫలితాన్ని విస్మరించి చేసే విమర్శ అసంపూర్ణం.

3. రంగు నిలిచే మూడు తీరులు

తెలుగు ప్రాంతపు హస్తకళలను రంగు నిలిచే తీరును బట్టి మూడుగా విభజించి చూడవచ్చు.

3.1 రంగు లోనికి ఇంకడం: శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి సిద్ధం చేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన కసిమితో నల్లగీతలు గీస్తారు. ఎరుపు కోసం పటిక పట్టించి, ఆపై రంగునీటిలో ఉడికిస్తారు. రంగు దారపు పోగుతో రసాయనికంగా ముడిపడుతుంది. నడుమ నడుమ పారే నీటిలో ఉతకడం ఈ ప్రక్రియలో విడదీయరాని దశ. ఇందులో రంగుకూ బట్టకూ నడుమ ‘పొర’ అనేది లేదు.

3.2 రంగు వేడితో అతుక్కోవడం: ఏటికొప్పాక బొమ్మల తయారీలో అంకుడు కొయ్య చట్రంపై తిరుగుతుండగా రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనించి నొక్కుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యను చుట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఇక్కడ కుంచెతో పనిలేదు. చేతి ఒత్తిడే నైపుణ్యం. ఈ బొమ్మలకు సహజ రంగులను తిరిగి తెచ్చిన కృషికి సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు.

3.3 సిద్ధపరచిన అడుగుపై రంగు నిలవడం: కొండపల్లి బొమ్మలో తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో భాగాలను అతికి, సున్నపు పూత వేసి, దానిపై రంగు దిద్దుతారు. చేర్యాల నకాషీ చిత్రంలో బట్టకు గంజి, తెల్లమట్టి, జిగురు, చింతగింజల అంబలి పట్టించి, ఆ గట్టిపడిన నేలపై బొమ్మ గీస్తారు. రెండింటిలోనూ మొదట అడుగును సిద్ధపరుస్తారు. ఆ తరువాతే రంగు.

యాక్రిలిక్ చిత్రణ ఈ మూడవ వంశానికి చెందినది. అడుగుపూత, రంగు, గీత, పైపూత అనే దాని క్రమం కొండపల్లి, చేర్యాల పనివారికి కొత్తది కాదు. కొండపల్లిలో ఎనామెల్ రంగులు, నిర్మల్ చిత్రాలలో డ్యూకో రంగులు, చేర్యాలలో తయారుగా దొరికే నీటిరంగులు ఇప్పటికే ప్రవేశించాయి. కాబట్టి యాక్రిలిక్‌ను సంప్రదాయానికి పూర్తిగా పరాయిదిగా భావించడం ఈ వంశం విషయంలో నిలవదు. మొదటి రెండు తీరుల విషయంలో పరిస్థితి వేరు. బట్టలోకి ఇంకవలసిన రంగును బట్టపై పొరగా నిలిపి, రేఖలను మాత్రం అనుకరిస్తే, మిగిలేది కలంకారీ రూపమే తప్ప కలంకారీ కాదు.

4. పద్ధతుల విమర్శ

4.1 కొయ్య చార కనిపించేలా నీటితో పలుచన చేసి వేసే పూత, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తుభాగాలను మాత్రమే తాకించే పద్ధతి, స్పాంజితో అద్దే పద్ధతి అనే మూడూ వస్తువు ఉపరితలాన్ని ఆధారం చేసుకొని పనిచేస్తాయి. కొయ్య గరుకుదనం, మట్టికుండ అసమానత చిత్రణలో భాగస్వాములవుతాయి. తక్కువ రంగుతో ఎక్కువ చెప్పగల పద్ధతులివి. గృహాలంకరణలో ఉత్తమ ఫలితాలకు వీటిలో అవకాశం ఎక్కువ.

4.2 అచ్చుపలకతో వేసే నమూనా, చుక్కలతో తీర్చే మండలం యాక్రిలిక్ చిక్కదనాన్ని చక్కగా వాడుకుంటాయి. తెలుగు ముంగిలి ముగ్గు చుక్కల లెక్కను ముందే నేర్పింది. అయితే ముగ్గులో చుక్క గీతకు ఆధారం. గీత చుక్కల నడుమ దారి వెతుక్కుంటుంది. మండల చిత్రణలో చుక్క తానే అలంకారంగా ఆగిపోతుంది. కేంద్రం నుంచి అంచుకు సమాన వలయాలుగా చుక్కలు పెద్దవవుతూ పోవడమే రచన అయినప్పుడు పళ్లెం, పలక, సీసా అన్నింటిపైనా ఒకే బొమ్మ పునరావృతమవుతుంది. వస్తువు ఆకృతి రచనను నిర్ణయించని చోట అలంకరణ యాంత్రికమవుతుంది.

4.3 పగుళ్లు పుట్టించే పద్ధతి ప్రత్యేక చర్చకు తగినది. రెండు పూతల నడుమ ఒక ద్రావణం వేసి, పైపూత ఆరేటప్పుడు చీలేట్లు చేసి, కొత్త పెట్టెకు పాతదనం కల్పిస్తారు. మంచి అడుగు గల పాత చిత్రంలో పగులు కాలం చేసిన పని. ఇక్కడ అది అరగంటలో తయారయ్యే ఆభరణం. దృశ్యపరంగా ఆకర్షణ ఉన్నప్పటికీ, ఈ పద్ధతి యాక్రిలిక్ ప్రధాన గుణమైన సాగేతత్వాన్ని దాచి, దానికి లేని పెళుసుతనాన్ని అభినయిస్తుంది. పద్ధతి రంగు స్వభావాన్ని వెల్లడించాలా, మరుగుపరచాలా అనే ప్రశ్న ఇక్కడ స్పష్టంగా ఎదురవుతుంది.

5. తీరం పెట్టే పరీక్ష

ఆరిన యాక్రిలిక్ పొర గాజులా గట్టిపడదు. సాధారణ గది ఉష్ణోగ్రతలోనే కొంత మెత్తదనం నిలుపుకుంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే నెల్లూరు తీరపు ఎండలో ఆ మెత్తదనం పెరుగుతుంది. దుమ్ము అతుక్కుంటుంది. రంగువేసిన రెండు పళ్లేలను ఒకదానిపై ఒకటి పెడితే అంటుకోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే ఈశాన్య రుతుపవనకాలపు చెమ్మలో నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి పూతకూ పూతకూ నడుమ ఎక్కువ వ్యవధి అవసరమవుతుంది. పైకి ఆరినట్లు కనిపించే పొరపై తొందరపడి వార్నిష్ వేస్తే లోపలి తేమ చిక్కుకొని పూత మబ్బుగా మారే ప్రమాదం ఉంది.

గవ్వపై చిత్రణ ఈ తీరానికి సహజంగా తోచే పని. గవ్వలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగి, పూతను అడుగు నుంచి లేపుతుంది. మంచినీటిలో పలుమార్లు నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతే అడుగుపూత వేయడం అందువల్ల తప్పనిసరి. కొన్ని సముద్రపు గవ్వజాతులకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ కల్పిస్తున్నది కనుక సేకరణలోనూ విచక్షణ అవసరం. చేర్యాల చిత్రాలలో తెలుపును గవ్వలు నూరి తీసేవారు. అక్కడ గవ్వ రంగుగా మారింది. ఇక్కడ గవ్వపై రంగు వేస్తున్నారు. మొదటి పనిలో పదార్థజ్ఞానం ఉంది. రెండవ పనికీ అది అంతే అవసరమని పూత పొరలుగా ఊడిన గవ్వ నిరూపిస్తుంది.

ఉదయగిరి నార్ది చెంచా వంటి వస్తువులో పిడికి అలంకరణ తగును గాని, ఆహారాన్ని తాకే గుంటకు తగదు. కుంచె కడిగిన నీటి సంగతీ చిత్రణలో భాగమే. ఆ నీటితో పాలిమర్ రేణువులు కాలువలోకి, చివరకు జలాశయంలోకి చేరతాయి. రాజహంసలు మేతకు దిగే పులికాట్ పరిసరాలలో ఇది చిన్న విషయం కాదు. కుంచెను ముందుగా గుడ్డతో తుడిచి, ఆ తరువాతే కడగడం సులభమైన నివారణ.

6. పేరు, బాధ్యత

‘సహజ రంగులు’ అనే మాట హస్తకళలపై వ్రాతలలో ప్రశంసగా స్థిరపడింది. ఆ మాటను వాడే ముందు రెండు విషయాలు గమనించాలి. మొదటిది, సహజమైనదల్లా నిరపాయకరం కాదు. భారతీయ చిత్రకళలో వాడిన ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉన్నాయి. అదే విధంగా యాక్రిలిక్ రంగులన్నీ ఒక్క తీరువి కావు. కాడ్మియం వంటి లోహాలతో చేసిన వర్ణాలు చిత్రకారుల శ్రేణి రంగులలో ఉంటాయి. బంధకం పేరు చెప్పినంత మాత్రాన రంగుపొడి భద్రత తేలదు.

రెండవది, ఈ మాట మీద కొనుగోలుదారు ఆధారపడతాడు. గృహ, అలంకరణ రంగులలో సీసం 90 పిపిఎం మించరాదనే నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1న అమలులోకి వచ్చింది. నమోదైన చేతివృత్తులవారికీ, భౌగోళిక సూచిక పొందిన బొమ్మలకూ దాని నుంచి మినహాయింపు లభించింది. చిన్న పనిశాలల జీవనాధారాన్ని కాపాడే మినహాయింపు అది. అయితే పరీక్షాపత్రం లేని చోట వర్ణనే ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. పసిబిడ్డ నోట పెట్టుకునే బొమ్మకు ఎనామెల్ పూసి ఉండగా, పాత పుస్తకంలోని ‘కూరగాయల రంగులు’ అనే వాక్యాన్ని పరిశోధకుడు యథాతథంగా ఎత్తి రాస్తే, ఆ వాక్యం తప్పుడు హామీగా మారుతుంది.

భౌగోళిక సూచిక పేరుకూ స్థలానికీ రక్షణ ఇస్తుంది. యాక్రిలిక్‌తో కలంకారీ రేఖలు దిద్దిన దిండుగలేబును ‘కలంకారీ’ అని అమ్మితే, రోజుల తరబడి ఉతికి, ఆరవేసి, ఉడికించిన శ్రమ విలువ మాయమవుతుంది. ‘కలంకారీ శైలిలో యాక్రిలిక్ చిత్రణ’ అని పేర్కొంటే రెండు పనులకూ గౌరవం దక్కుతుంది. లోపం రంగులో లేదు, పేరులో ఉంది.

7. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు:

• యాక్రిలిక్ చిత్రణ సిద్ధపరచిన అడుగుపై రంగు నిలిపే తెలుగు హస్తకళా సంప్రదాయంతో సాంకేతిక సామ్యం కలిగి ఉంది. రంగు ఇంకే, రంగు కరిగి అతుక్కునే సంప్రదాయాలకు అది ప్రత్యామ్నాయం కాదు.

• వస్తువు ఉపరితలాన్నీ ఆకృతినీ రచనలో భాగం చేసుకునే పద్ధతులు, వాటిని పూర్తిగా కప్పివేసే పద్ధతులకంటె కళాత్మకంగా ఉన్నతమైనవి.

• గృహాలంకరణ వస్తువును వాడుకలో, వాతావరణంలో ఉంచి అంచనా వేయాలి. తీరప్రాంతపు ఉప్పు, చెమ్మ అడుగుపూతలోని నిర్లక్ష్యాన్ని త్వరగా బయటపెడతాయి.

• హస్తకళలను వర్ణించే ప్రతి పరిశోధనలో అడుగు ఏమిటి, బంధకం ఏమిటి, పైపూత ఏమిటి అనే మూడు వివరాలు పనిశాలలో చూసి నమోదు చేయాలి. ‘సహజ రంగులు’ అనే మాటను ఈ వివరాలు లేకుండా వాడరాదు.

అడుగుపూత బయటికి కనిపించదు. బొమ్మ ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయించేది మాత్రం అదే. హస్తకళా విమర్శకు పనిశాలలో చూసి రాసుకున్న ఈ మూడు వివరాలే అడుగుపూత.