విప్పితే ఒకటే దారం

ఎవరైనా లేసు అల్లిక చేతికిస్తే నేను ముందు తిరగేసి చూస్తాను. పైవైపు అందంగా కనపడేట్టు చెయ్యడం కొద్దో గొప్పో అందరికీ వస్తుంది. వెనకవైపు ముడి తగలకుండా, తెగిన కొస కనపడకుండా, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించారో పోల్చుకోలేనట్టు ఉంటే అది పనిమంతురాలి చెయ్యి. అలాంటి చేతులు మా దాచేపల్లిలోనూ ఉన్నాయి. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లోనైతే ఇంటింటా ఉన్నాయి. వాళ్ళ పనిని కాలక్షేపమనీ, తీరికవేళ అల్లికలనీ చులకనగా మాట్లాడేవాళ్ళ మీద నాకు కోపం. ఆ కోపమే ఈ వ్యాసం రాయించింది.

మాది పత్తి నేల, మిరప నేల. ఇక్కడి పత్తి జిన్నింగు మిల్లులకు వెళ్ళి గింజ వదిలించుకుని, గణపవరం లాంటి చోట్ల స్పిన్నింగు మిల్లుల్లో నూలవుతుంది. పల్నాడు ఎండల్లో ఊలుతో మాకేం పని? పసిబిడ్డ టోపీకి, మేజోళ్ళకు రెండు ఊలు బంతులు చాలు. రెండు సూదులతో అల్లే స్వెట్టరు చలిదేశాలకు ముద్దు. ఒక్క కొక్కెం సూదితో, నూలు దారంతో అల్లే క్రోషా లేసు మన నేలకు, మన వాతావరణానికి తగిన విద్య. ఊలు అల్లికల వాళ్ళు నొచ్చుకున్నా సరే, ఈ మాట మీద నేను గట్టిగానే నిలబడతాను.

దారం గురించి రెండు ముక్కలు. లేసుకు వాడేది మామూలు కుట్టు దారం కాదు. నూలును బిగదీసి పట్టి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే మెరుపూ బలమూ వస్తాయి. దానికే మెర్సరైజ్డ్ దారమని పేరు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఇరవై నంబరుతో చెయ్యి తిరుగుతుంది, అరవైకి వచ్చేసరికి కళ్ళు కూడా పని నేర్చుకోవాలి.

మా ఊళ్ళో ఈ విద్యకు బడి అంటూ లేదు. ఉన్నదల్లా ఫ్యాన్సీ కొట్టు. గాజులు, బొత్తాలు, ఫాల్సు బట్టలు, వైరు బుట్టల తీగలు, వాటి పక్కన అద్దాల బీరువాలో రంగురంగుల దారపు బంతులు. మిరప కోతలు అయిపోయాక, ఎండాకాలం మధ్యాహ్నాలు, దారం కొనడానికి వచ్చినవాళ్ళు అంత తొందరగా ఇంటికి వెళ్ళరు. "పిన్నిగారూ, ఈ మూల ఎట్లా తిప్పారు?" అని ఒకరు, "అక్కా, ఈ పువ్వు నాకొకటి అల్లి పెట్టవా, చూసి నేర్చుకుంటా" అని ఇంకొకరు. పుస్తకం ఉండదు, పాఠం ఉండదు. అరచేతిలో పట్టే నమూనా ముక్క ఒకటి చేతులు మారుతుంది. దాన్ని వేళ్ళతో తడిమి, వరసలు లెక్కబెట్టుకుని ఇంటికెళ్ళి అల్లుకొస్తారు. మరుసటి వారం ఆ నమూనాకు ఒక కొత్త అంచు తోడవుతుంది. కొత్తది ఎవరు కలిపారో ఎవరూ రాసిపెట్టరు. ఇన్ని నమూనాలు ఇన్ని ఊళ్ళకు పాకింది ఈ దారినే.

ఆ కొట్టు దగ్గరే ఒకసారి ఒక పెద్దావిడ చూపు ఎంత పదునో చూశాను. డిగ్రీ చదివే పిల్ల టీపాయ్ గుడ్డ అల్లుతూ తెచ్చింది. ఆవిడ దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని, బొటనవేలు ఒకచోట ఆన్చి, "ఏడో వరసలో ఒకటి దాటేశావమ్మాయ్. విప్పెయ్" అంది.

"పైన ఇంకా మూడు వరసలున్నాయి పెద్దమ్మా. ఎవరికి కనపడుతుంది?"

"నాకు కనపడిందిగా."

పిల్ల ఇంకేం మాట్లాడలేదు. సూది తీసేసి దారం లాగింది. మూడు వరసలు జరజరా ఊడి, తప్పు దగ్గరికొచ్చి ఆగాయి. అక్కణ్ణించి మళ్ళీ మొదలు. ఇలాంటి గురువు దగ్గర నేర్చుకున్న చెయ్యి ఎప్పటికీ బద్ధకించదు.

పనితనంలోకి వద్దాం. క్రోషాలో సూది మీద ఎప్పుడూ నిలిచి ఉండేది ఒక్క ఉచ్చే. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం ఉచ్చులన్నీ సూది మీదే ఉంటాయి, ఒకటి జారితే కింది దాకా నిచ్చెనలాగా ఊడుతుంది. క్రోషాలో ప్రతి కుట్టూ అక్కడికక్కడే ముడిపడి పూర్తవుతుంది. అందుకే ఈ అల్లిక ఎటైనా తిరగగలదు. గుండ్రంగా, కోణంగా, అల్లిన దాని మీదే మళ్ళీ ఇంకో పొరగా. దారం ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టుకుని చూపుడు వేలి మీదుగా వస్తుంది. బిగువంతా ఆ చుట్టులోనే ఉంది. మొదటి కుట్టుకు ఎంత బిగువో, వెయ్యో కుట్టుకూ అంతే ఉండాలి. మధ్యలో పిల్లాడు ఏడ్చినా, పొయ్యి మీద పాలు పొంగినా, లేచి వెళ్ళొచ్చి కూర్చున్నా బిగువు మారకూడదు. ఇది ఏళ్ళ తరబడి చేస్తే తప్ప రాదు.

కుట్లు చూస్తే నాలుగైదే. ముందు చైను. దారం చుట్టకుండా లాగితే పొట్టి కుట్టు. సూదికి ఒకసారి దారం చుట్టి లాగితే పొడుగు కుట్టు, రెండుసార్లు చుడితే ఇంకా పొడుగు. మూడు చైన్లు వేసి మళ్ళీ వెనక్కి గుచ్చితే అంచు మీద చిన్న మొగ్గ లేస్తుంది. ఇంత కొద్ది సరుకుతో పిల్లల టోపీ నుంచి మంచం దుప్పటి దాకా, లంగా అంచు నుంచి గుమ్మం తోరణం దాకా అన్నీ అల్లుతారు.

గుండ్రటి గుడ్డలో లెక్క ఉంది. పొట్టి కుట్లతో వృత్తం చదునుగా రావాలంటే వరసకు ఆరు కుట్లు పెంచుకుంటూ పోవాలి. పొడుగు కుట్లయితే సుమారు పన్నెండు. తక్కువ పెంచితే గుడ్డ గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు అలలు అలలుగా లేస్తుంది. మన ఆడవాళ్ళు టోపీ కావాలంటే తగ్గిస్తారు, కుచ్చుల అంచు కావాలంటే పెంచుతారు. ఈ లెక్క వాళ్ళ వేళ్ళకు తెలుసు.

ఈ లెక్కే గణిత శాస్త్రజ్ఞులకు ఎంత ఉపయోగపడిందో వినండి. హైపర్బోలిక్ తలమని జ్యామితిలో ఒక విచిత్రమైన ఉపరితలం ఉంది. కేంద్రం నుంచి దూరం జరిగేకొద్దీ అది విపరీతంగా విస్తరిస్తూ పోతుంది. కాగితంతో నమూనాలు చేస్తే చిరిగిపోయేవి. లాత్వియాలో పుట్టి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డైనా టైమినా 1997లో క్రోషా సూది పట్టింది. ఇన్ని కుట్లకొకటి చొప్పున లెక్క తప్పకుండా పెంచుకుంటూ పోయి ఆ తలాన్ని అల్లి విద్యార్థుల చేతుల్లో పెట్టింది. తర్వాత ఆమె దాని మీద రాసిన పుస్తకం 2012లో ఆయిలర్ బహుమతి గెలుచుకుంది. ఆ దారిలోనే మార్గరెట్, క్రిస్టీన్ వెర్‌థైమ్ అక్కచెల్లెళ్ళు 2005లో పగడపు దిబ్బలను క్రోషాతో అల్లడం మొదలుపెట్టారు. దేశదేశాల ఆడవాళ్ళు వాళ్ళతో చేతులు కలిపారు. పగడాల కుచ్చుల అంచులూ, మన లంగా కుచ్చుల అంచులూ ఒకే లెక్క మీద నడుస్తాయి. ఆ లెక్కను ఏ బహుమతీ ఆశించకుండా నడిపించిన చేతులకు నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను.

ఇక గళ్ళ అల్లిక. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసుకుని, ఖాళీ గడికి రెండు చైన్లు, నిండు గడికి పొడుగు కుట్లు వేసుకుంటూ పోతారు. నెమలి, హంస, ద్రాక్షగుత్తి సులువుగానే వస్తాయి. అసలు పరీక్ష తెలుగు అక్షరాలది. మన అక్షరాల గుండ్రాలను నలుచదరపు గళ్ళలో పట్టడం మాటలు కాదు. గుమ్మం తోరణం మీద "సుస్వాగతం" అని, వంపు విరగకుండా, సున్న సున్నాలాగే కనపడేట్టు అల్లినావిడను నేను ఎరుగుదును. ఆ తోరణం కింద నుంచి నడిచి వెళ్ళినవాళ్ళలో ఎంతమంది తలెత్తి చూశారో గానీ, నేను మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాను.

నరసాపురానికి ఈ విద్య ఎలా వచ్చిందంటే, 1844 ప్రాంతంలో మెక్‌రే దంపతులనే స్కాట్లాండు మిషనరీలు నేర్పారంటారు. మా వైపు 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ తర్వాత గురజాల దాకా వచ్చి పనిచేశాడు. మిషను బడులతోనే కుట్లూ అల్లికలూ పల్లెలకు చేరాయని పెద్దల మాట. తెచ్చింది ఎవరైనా, దాన్ని పెంచి పెద్దచేసింది మన ఆడవాళ్ళు. గోదావరి డెల్టాలో అది ఇంటి విద్య అయింది, ఊరి వ్యాపారం అయింది, ఓడలెక్కి పరదేశాలకు వెళ్ళింది. అక్కడ పని కూడా పంచుకుని చేస్తారు. పువ్వులు అల్లేది చేతిపని, ఆ పువ్వులను కలిపి గుడ్డగా తీర్చేది అతుకుపని. అతుకుపని చేసేవాళ్ళను తక్కువగా అనుకోకండి. పది ఇళ్ళలో పది చేతుల బిగువుతో వచ్చిన పువ్వులను ఒకే చెయ్యి అల్లినట్టు కలపాలి వాళ్ళు.

ఆ వ్యాపారంలో లాభం ఎవరికి పోయిందో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురంలో పరిశోధన చేసి 1982లో పుస్తకంగా రాసింది. రోజంతా అల్లే ఆడవాళ్ళను పనివాళ్ళుగా కాక ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులుగా లెక్కగట్టారు. ఆ లెక్కను సాకుగా పెట్టుకుని కూలి తగ్గించారు. ఎగుమతి డబ్బు వ్యాపారుల చేతిలో పడింది, అల్లినామెకు మిగిలింది చిల్లర. నాలుగు దశాబ్దాలు దాటాయి. ఆ పుస్తకంలోని మాట ఇప్పటికీ పాతబడకపోవడం మనందరికీ సిగ్గుచేటు.

ఇప్పుడు దానికి తోడు నకిలీ వచ్చిపడింది. బజారులో గజాల లెక్కన అమ్మే యంత్రపు లేసు సంగతి చెబుతాను. నీళ్ళలో కరిగే గుడ్డ మీద యంత్రంతో ఎంబ్రాయిడరీ కుట్టి, తర్వాత ఆ గుడ్డను కరిగించేస్తారు. మిగిలిన దారాల గూడే "లేసు". చాలావరకు పాలిస్టరు. దాన్ని చేతి అల్లిక పక్కన పెట్టి, అదే పేరుతో, పావలా వంతు ధరకు అమ్ముతుంటే నా ఒళ్ళు మండుతుంది. పట్టుకోవడం కష్టమేం కాదు. ఒక దారం కొస తెంచి నిప్పు చూపండి. నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి గడ్డ కడుతుంది. అంతకన్నా మంచి పరీక్ష ఇంకోటి ఉంది. చేతితో అల్లిన పువ్వు చివరి కుట్టు విప్పి దారం లాగండి. వరస వెనక వరస ఊడుతూ మొదటి చైను దాకా వస్తుంది. పువ్వంతా ఒకటే దారం. యంత్రపు లేసును లాగితే పీచులు వస్తాయి.

ఇంకో నిజం చాలామందికి తెలియదు. స్వెట్టర్లు అల్లే యంత్రాలున్నాయి, బట్ట నేసే యంత్రాలున్నాయి. చేతి క్రోషాను ఉన్నదున్నట్టు అల్లే యంత్రం మాత్రం బజారులోకి ఇంకా రాలేదు. కాబట్టి పెద్ద దుకాణంలో అచ్చమైన క్రోషా అల్లిక అగ్గువకు దొరికిందని మురిసిపోకండి. దాన్ని ఎక్కడో ఒక మనిషి అల్లింది. ధర తగ్గిందంటే తగ్గింది ఆమె కూలే.

నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఆ గుర్తింపు వ్యాపారి సంచీ మీద ముద్రగా మిగిలిపోకుండా, అల్లినామె కూలిలో కనపడాలి. ఆడవాళ్ళు కలిస్తే ఏం చెయ్యగలరో మనకు తెలియంది కాదు. సుభాశ్రీ నటరాజన్ మొదలుపెట్టిన మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం 2016లో చెన్నైలో 11,148.5 చదరపు మీటర్ల క్రోషా దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించింది. ఊరూరా అల్లిన ముక్కలన్నీ కలిపి ఒకటే దుప్పటి. అక్కడ గెలిచింది కూడా అతుకుపనే.

మా ఫ్యాన్సీ కొట్లలో మాత్రం దారపు బంతుల అర ఏటికేడు చిన్నదవుతోంది. ఆ చోటును మగ్గం వర్కు పూసలు, గజాల చుట్ట లేసు ఆక్రమిస్తున్నాయి. కొట్టువాళ్ళను తప్పుపట్టలేం, అడిగేవాళ్ళుంటేనే తెస్తారు. అడగవలసింది మనం. పెళ్ళికి వేలకు వేలు పోసి జాకెట్టు మీద పూసలు కుట్టించుకునేవాళ్ళం, నెల రోజులు అల్లిన బల్లగుడ్డకు వచ్చేసరికి "ఇంట్లో ఖాళీగా ఉండి అల్లిందేగా పిన్నీ, అంత చెబుతావేం" అని బేరమాడతాం. మిరప కోతకు వెళ్ళినామెకు రోజు కూలి లెక్కగట్టి ఇస్తాం. మరి కళ్ళు పొడిచేసుకుని సన్నదారం అల్లినామెకు రోజులు లెక్కపెట్టమేం?

ఈ ఊరి అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నా మనవి. కొనేటప్పుడు అల్లడానికి ఎన్ని రోజులు పట్టిందని అడగండి, ఆ రోజులకు కూలి కట్టండి. అల్లినామె పేరు అడిగి తెలుసుకుని, గుడ్డ ఎవరికైనా బహుమతిగా ఇస్తే ఆ పేరు కూడా చెప్పండి. బళ్ళో లెక్కల మాస్టార్లు వృత్తం పాఠం చెప్పే రోజున ఊళ్ళో అల్లిక తెలిసిన పెద్దావిడను పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టండి. డ్వాక్రా సంఘాలు అప్పులూ వాయిదాలతో పాటు ఈ చేతిపనికి ధర నిర్ణయించే బాధ్యత కూడా తీసుకోవాలి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ సూది పట్టడం నేర్పండి. ఈ విద్య తెలిసినామె నిపుణురాలు. ఆమెను ఆ మాటతోనే పిలవండి, ఆ మాటకు తగ్గ డబ్బు చేతిలో పెట్టండి.