ఊపు ఒకచోట, మూలం మరోచోట

సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ట్రిప్ అయితే రిలే చూస్తాం. ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో అదే చెబుతుంది. లైన్‌మన్ వెళ్లేసరికి తెగిన తీగో, పగిలిన ఇన్సులేటరో కనబడుతుంది. ఏదీ తెగకుండా, ఏదీ ట్రిప్ కాకుండా గ్రిడ్ మొత్తం ఊగితే ఎవరిని ఎక్కడికి పంపాలి? రిలేల మధ్య పనిచేసినవాణ్ణి గనుక ఈ ప్రశ్న నన్ను వదలదు.

2019 జనవరి 11న అమెరికా తూర్పు గ్రిడ్‌లో జరిగింది ఇదే. తెల్లవారకముందు, నాలుగు సెకన్లకోసారి విద్యుత్ ప్రవాహం పెరిగి తగ్గుతూ 18 నిమిషాలు ఊగింది. ఉత్తరాన న్యూ ఇంగ్లండ్‌లోనూ 50 మెగావాట్ల ఊపు నమోదైంది. మూలం మాత్రం దక్షిణాన ఫ్లోరిడాలో ఉంది. ప్రతి గ్రిడ్‌కూ తనదైన లయలుంటాయి. బయటి తోపు ఆ లయతో కలిస్తే ఎంతో దూరంలో కూడా ఊపు గట్టిగా కనిపిస్తుంది. అందుకే ఎక్కువ ఊగేచోటే మూలమని నమ్మి వెళితే దారి తప్పుతాం.

సరైన దారి చూపేవి పీఎంయూలు (ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్లు). ఇవి వోల్టేజీ, కరెంటు కోణాలను సెకనుకు పదుల సార్లు కొలిచి, ప్రతి కొలతకూ జీపీఎస్ సమయం జతచేస్తాయి. ఆ కొలతలతో ఊగే శక్తి ఏ లైన్‌లో ఎటు పోతోందో లెక్కగడతారు. మూలం నుంచి అది బయటికే పారుతుంది కాబట్టి, ఏటికి ఎదురు నడిచి ఊటను పట్టుకున్నట్టు జనరేటర్‌ను పట్టుకోవచ్చు. ఈ విద్య నాకు అపురూపంగా తోస్తుంది.

ఇంతకీ ఫ్లోరిడాలో చెడిందేమిటి? వోల్టేజీ కొలతనిచ్చే పీటీ (పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్) నుంచి టర్బైన్ కంట్రోల్‌కు వెళ్లే వైరు కనెక్షన్. తప్పుడు కొలత అందుకున్న కంట్రోల్, లోడు పోయిందనుకుని ఆవిరి వాల్వులు మూసేది, మళ్లీ తెరిచేది, మళ్లీ మూసేది. యూనిట్ 200 మెగావాట్ల మేర ఊగింది. సిబ్బంది దాన్ని ఆపాకే గ్రిడ్ కుదుటపడింది.

మనకూ ఇది దూరపు కథ కాదు. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్ కుప్పకూలినప్పుడు, ఫాల్ట్ లేకుండానే అధిక లోడుకు బినా–గ్వాలియర్ లైన్ రిలే పనిచేసింది. సబ్‌స్టేషన్లలో ఘటనలను నమోదు చేసే రికార్డర్లన్నీ ఒకే సమయానికి కలిసి ఉండాలని ఆ విచారణ నివేదిక చెప్పింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైన్‌తో మన దక్షిణ గ్రిడ్ కూడా దేశ గ్రిడ్‌లో కలిసింది. ఇప్పుడు ఎక్కడి ఊపైనా మన దాకా రావచ్చు.

డ్యూటీలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం మీ రికార్డర్ గడియారం జీపీఎస్‌తో కలుస్తోందో లేదో చూడండి. పీటీ టెర్మినల్ స్క్రూలు కూడా ఒకసారి బిగించండి.