జుగుప్సాశబ్దవిచారము

ఇటీవల నాగరుకర్నూలున నొక విద్యార్థి వ్యాసమును దిద్దుచుండఁగా ‘వీథిలోఁ గూర్చున్న కుష్ఠరోగి యొక జుగుప్స’ యను వాక్యము కనఁబడినది. ఇది యొక్క బాలుని తప్పు కాదు. రోతఁ గొలుపు వస్తువునే జుగుప్స యనుట పెద్దల వ్రాఁతలందును గలదు. కావున విచారింపవలసియున్నది.

గోపనార్థకమగు గుప్ ధాతువుపై సన్‌ప్రత్యయము రాఁగా నిందార్థమున నీ శబ్దము సిద్ధించును. ఇచ్ఛార్థ మిందు లేదు. దేనిని జుగుప్సింతుమో దానికిఁ గాత్యాయనుఁడు వార్తికమున నపాదానత్వమును విధించెను. పతంజలియో, ఇచట బుద్ధియే తొలఁగుచున్నది గాన వేఱు విధి యక్కఱలేదనెను. కాఁబట్టి యీ తొలఁగుట మనసునందలిది, వస్తువునందలిది కాదు. భరతుఁడును జుగుప్సను బీభత్సరసమునకు స్థాయిభావముగాఁ జెప్పెను, వస్తువు విభావమాత్రము.

తెలుఁగు ‘రోత’ మాత్రము ‘రోత పుట్టినది’, ‘ఇది రోత’ యని రెండు విధములఁ జెల్లుచున్నది. ఆ రెండవ వాడుకయే సంస్కృతపదమునకుఁ బ్రాఁకినదని తలఁచెదను.

రోత వస్తుధర్మమే యందురా? జోగులాంబ గద్వాల జిల్లాలోని యలంపురమున అమ్మవారి శిరమునఁ దేలు, బల్లి, గబ్బిలము, కపాలము నున్నవి. ఇంటఁ గనఁబడినచో వెఱచి తొలఁగుదుము, అచట మ్రొక్కుదుము. రూపము లవియే, చూచువాని భావము వేఱు.

కావున వస్తువును ‘జుగుప్సాకరము’ అనవలెను. అప్పుడును ‘ఎవరికి’ అను ప్రశ్న మిగులును. రోగినే జుగుప్స యన్నచో మన మనోవికారమును వాని మేనఁ బూసినవారమగుదుము. ఇచట శబ్దదోషమే ధర్మదోషమైనది. ఆ విద్యార్థి ‘రోగినిఁ జూచి నాకు జుగుప్స కలిగినది’ అని దిద్దుకొనెను. పిదపఁ గొంతసేపు మాటాడలేదు.