చింతపండుతో తోమకండి

రోమన్ నాణేలంటే చాలామంది అగస్టస్ కాలం నాటి తెల్లటి వెండి కోసం వెతుకుతారు. నాకు మాత్రం క్రీ.శ. 235 నుంచి 284 దాకా సాగిన అల్లకల్లోలపు కాలం నాణేలంటేనే ప్రాణం. సైన్యమే ఒకణ్ణి గద్దెనెక్కించేది, సైన్యమే చంపేది. 260లో వలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్‌కు బందీగా చిక్కాడు. అతని కొడుకు గాలియెనస్‌ను 268లో సొంత సేనానులే మట్టుబెట్టారు.

ఆ గాలియెనస్ నాణెం ఒకటి కమలాపురంలో మా ఇంట్లో ఉంది, రసీదుతో కొన్నది. ముందువైపు సూర్యకిరణాల కిరీటం పెట్టుకున్న తల, వెనక 'సైనికుల విధేయత' అని లాటిన్ అక్షరాలు. అవి చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. వాకిట్లో ఎండకు పక్కవాటుగా పట్టి చూస్తే బుగ్గ మీద, జుట్టు పాయల మధ్య సన్నటి వెండి పొర మెరుస్తుంది. అంచు అరిగినచోట ఎర్రగా రాగి. 215లో కారకల్లా చక్రవర్తి ఈ రకం నాణేన్ని తెచ్చినప్పుడు డెనారియస్ అనే పాత వెండి నాణేలు రెండింటి విలువ కట్టి, ఒకటిన్నరకు సరిపడా వెండే పోశాడు. గాలియెనస్ చివరి రోజులకు నూటికి ఐదు పాళ్ళ వెండి కూడా మిగల్లేదు. సైన్యానికి జీతాలివ్వాలి, ఖజానాలో వెండి లేదు.

మన నేలకు చేరినవి ఎక్కువగా అంతకు ముందటివి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1531 వెండి డెనారియస్‌లు ఒక్కచోటే బయటపడ్డాయి, అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి. 64లో నీరో చక్రవర్తి నాణెంలో వెండిని తగ్గించాక మన వైపు ఆ వెండి రావడం బాగా తగ్గింది. నంద్యాలలో దొరికిన రోమన్ నాణేలైతే బంగారువి. మన వర్తకులు లోహం చూసే సరుకిచ్చారని నా నమ్మకం. అక్కెనపల్లి నిధి విడిపోకుండా లెక్కకెక్కింది కాబట్టే ఈ మాట అనగలుగుతున్నాం. అదే నలుగురు పంచుకుని కంసాలి కుంపట్లో కరిగించి ఉంటే మిగిలేది తులాల లెక్కే.

శనక్కాయ చేనులోనో పునాది గుంతలోనో పాత నాణెం కనబడితే చింతపండుతో తోమకండి. వెయ్యేళ్ళు దాటి నిలిచిన పొర ఒక్క పూటలో పోతుంది. దొరికిన చోటు, లోతు, పక్కన పడిన కుండపెంకులు గుర్తుపెట్టుకోండి. పది రూపాయలు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తెలపండి.